హార్గెస్ట్ గడ్డికొండ మీద ఒక పూట నడక: ఎలా వెళ్లాలి, ఎలా నడవాలి

ఇంగ్లండ్‌లో ఉండే మన తెలుగు కుటుంబాలు మూడు రోజుల సెలవు కలిసొస్తే స్నోడన్ అంటారు, కాదంటే లేక్ డిస్ట్రిక్ట్ అంటారు. రెండూ గొప్ప చోట్లే. కానీ ఎండ కాసిన శనివారం స్నోడన్ నెత్తిన ఫొటో కోసం వరసలో నిలబడాలి, కింద కారు పెట్టుకోవడానికి ముందే బుక్ చేసుకోవాలి. చిన్నపిల్లలున్నవాళ్లకి, ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తామామలో వచ్చినవాళ్లకి, ఇంతవరకు కొండ మీద కాలు పెట్టనివాళ్లకి నేను చెప్పే చోటు వేరే ఉంది. పేరు హార్గెస్ట్ రిడ్జ్. ఇంగ్లండ్ అయిపోయి వేల్స్ మొదలయ్యే దగ్గర, రెండింటి మీదా పరుచుకున్న పొడవాటి గడ్డికొండ. నేను హెరిఫర్డ్‌లో ఫార్మసిస్టుని. మా ఇంటి నుంచి ఇరవై మైళ్లే కాబట్టి అన్ని కాలాల్లోనూ దాని మీద తిరుగుతుంటాను. మా దగ్గరకు చుట్టాలెవరొచ్చినా మొదట తీసుకెళ్లేది అక్కడికే.

తూర్పు కొసన కింగ్టన్ అనే చిన్న సంతపట్నం, ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్ జిల్లా. పడమటి కొసన గ్లాడెస్ట్రీ అనే పల్లె, వేల్స్‌లోని పోయిస్ జిల్లా. మధ్యలో కొండ. ఎత్తు 426 మీటర్లు, అంటే మన హార్స్‌లీ హిల్స్‌లో మూడో వంతు. కింగ్టన్ ఊరే కాస్త ఎత్తులో ఉంది కాబట్టి మీరు నిజంగా ఎక్కేది 270 మీటర్ల లోపే. ఆ ఎక్కడం కూడా మొదటి ముప్పావు గంటలో అయిపోతుంది. తర్వాతదంతా కొండ వెన్ను మీద, ఆకాశం కింద, రెండు పక్కలా లోయలు చూసుకుంటూ నడవడమే. అందుకే శిఖరం దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఈ కొండలో శిఖరం పెద్ద విశేషమేం కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిస్తేనే కొండని చూసినట్టు.

దూరం, టైమ్

కింగ్టన్ నుంచి గ్లాడెస్ట్రీకి కాలిబాటన నాలుగు మైళ్లు పైచిలుకు, ఏడు కిలోమీటర్లు అనుకోండి. ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడానికి విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ లెక్కన ఇది రెండు గంటల లోపు పని. కానీ నైస్మిత్ లెక్క కాళ్లలో సత్తువ ఉండి, ఆగకుండా నడిచేవాళ్లకి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే ఒక వైపుకి మూడు గంటలు పెట్టుకోండి. వెళ్లి రావడానికి పూర్తి రోజు కేటాయించండి, తొందర పెట్టుకోవద్దు.

మే, జూన్ నెలలు, మళ్లీ సెప్టెంబరు, ఈ మూడూ నా లెక్కలో మంచివి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆలస్యమైనా భయం లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. అప్పుడు వెళ్లాలనుకుంటే ఉదయం తొమ్మిదికల్లా కొండ మొదట్లో ఉండాలి, ఒంటిగంటకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ వారం సాయంత్రం నడకకి బయల్దేరేవాళ్లు చీకట్లో చిక్కుకోవడం మామూలే, జాగ్రత్త.

కింగ్టన్‌కి రైలు లేదు. ఉండేది గానీ ప్రయాణికుల బండ్లు 1955లోనే ఆగిపోయాయి. హెరిఫర్డ్ నుంచి బస్సు ఉంది, తిరుగు బస్సు వేళ మాత్రం బయల్దేరే ముందే చూసి రాసుకోండి. కారులో వస్తే ఊళ్లోని కార్ పార్కులోనే పెట్టి నడవండి. కొండ మొదట్లో సందు చివర నాలుగైదు కార్లకి చోటుంది కదా అని అక్కడ దూర్చేవాళ్లుంటారు. అది రైతుల ట్రాక్టర్లు తిరిగే సన్నటి డొంకదారి. పైగా ఊళ్లోంచి నడిస్తే చర్చి చూడొచ్చు.

చర్చి పేరు సెయింట్ మేరీస్, ఊరికి ఎగువన దిన్నె మీద ఉంటుంది. లోపల చలువరాతి సమాధి మీద మొగుడూ పెళ్లాల బొమ్మలు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఆయన థామస్ వాన్, 1469లో ఎడ్జ్‌కోట్ యుద్ధంలో పోయాడు. ఆమె ఎలెన్. తన సోదరుణ్ణి చంపినవాణ్ణి విలువిద్య పోటీలోకి మగవేషంలో వెళ్లి బాణంతో కొట్టి చంపిందని ఈ ప్రాంతంలో కథ చెప్పుకుంటారు. వాన్ దయ్యమై జనాన్ని పీడిస్తుంటే పాదరీలు మంత్రించి, చిన్నదాన్ని చేసి, నశ్యం డబ్బాలో పెట్టి చెరువులో పాతేశారనే కథ కూడా ఉంది. పిల్లలు వెంట ఉంటే ఈ కథ ఇక్కడే చెప్పండి, ఎక్కుడు తెలియకుండా ఎక్కేస్తారు.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి

గడ్డికొండ అనగానే పార్కులో షికారు అనుకుని వస్తారు. కింద కింగ్టన్ వీధిలో చొక్కా మీద తిరగగలిగిన రోజు కూడా పైన గాలి కోటు దాటి లోపలికొస్తుంది. ఎత్తు వల్ల తగ్గేది రెండు డిగ్రీలే. మిగతాదంతా గాలి పని. అడ్డం పెట్టుకోవడానికి చెట్టు లేదు, బండ లేదు, గోడ లేదు. నైరుతి నుంచి వచ్చే గాలి వేల్స్ కొండలు దాటి నేరుగా మీ మొహానే తగులుతుంది.

కాబట్టి గాలినీ వాననీ ఆపే పైకోటు ఒకటి తప్పనిసరి. లోపల ఒకే మందపాటి స్వెటర్ బదులు పల్చటివి రెండు వేసుకోండి, ఎక్కేటప్పుడు ఒకటి విప్పి, పైన మళ్లీ తొడుక్కోవచ్చు. జీన్స్ వద్దు. తడిస్తే రోజంతా ఆరదు, కాళ్లలో వేడినంతా లాగేస్తుంది. బూట్లకి అడుగున పట్టు ఉండాలి. తడిసిన గడ్డి వాలు మీద నున్నటి అడుగు ఉన్న స్పోర్ట్స్ షూ జర్రున జారుతుంది, ముఖ్యంగా దిగేటప్పుడు. చెవులు కప్పే టోపీ జూన్‌లో కూడా సంచిలో ఉండాలి.

చీరలో నడవొచ్చా అని అడుగుతారు. మా అత్త నడిచింది. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి, చీర తప్ప ఇంకోటి కట్టదు. లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేయించి, పైన నూలు చీర కాకుండా సిల్కు కలిసిన తేలికపాటి చీర కట్టించి, కుచ్చిళ్లు పిక్కల దాకా ఎత్తి దోపించాను. ఉదయం పూట గడ్డి మీద మంచు మోకాళ్ల దాకా తడుపుతుంది కాబట్టి అంచు కిందికి వదలకూడదు. కాళ్లకి నా బూట్లే, రెండు జతల సాక్సుతో. కొంగు నడుముకి బిగించి, దాని మీద కోటు. గ్లాడెస్ట్రీ దాకా ఎక్కడా తడబడలేదు.

తిండి విషయంలో నా అనుభవం ఒకటే చెబుతాను: గాలిలో పులిహోర తినలేరు. మెతుకులు ఎగిరిపోతాయి, చేతులు చల్లబడి బిగుసుకుపోతాయి. చపాతీలో ఆలుగడ్డ కూరో, గుడ్డు పొరటో పెట్టి గట్టిగా చుట్టి, రేకు కాగితంలో ఒక్కొక్కటి విడిగా కట్టండి. చేతి తొడుగులు తీయకుండా తినొచ్చు. చెనిక్కాయల చిక్కీ జేబులో వేసుకోండి. ఫ్లాస్క్‌లో టీ, మనిషికి ఒక లీటరు నీళ్లు. వాగుల నీళ్లు తాగొద్దు, పైన వందల గొర్రెలు మేస్తుంటాయి.

మ్యాపు: ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ 201 కొనుక్కోండి, నారింజ రంగు అట్ట. ఫోన్‌లోనూ దింపుకోండి. కానీ ఫోన్ ఒక్కటే నమ్ముకోవద్దు. లోయల్లో సిగ్నల్ పోతుంది, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఒక ఈల, ఒక చిన్న టార్చి కూడా పెట్టుకోండి. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. ఫోన్ పనిచేస్తే 999కి చేసి ముందు పోలీసుని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. మాట్లాడేంత సిగ్నల్ లేకపోయినా మెసేజ్ పోవచ్చు. దానికి ముందే మీ నంబరు నమోదై ఉండాలి: ఇంట్లో ఉండగానే రిజిస్టర్ అనే మాటని ఇంగ్లీషులో టైపు చేసి 999కి మెసేజ్ పెట్టి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

దారి

చర్చి దాటాక రిడ్జ్‌బోర్న్ రోడ్డు అనే సందు పట్టుకోండి. ఎడమ పక్క హార్గెస్ట్ క్రాఫ్ట్ తోటలు వస్తాయి. మేలో రోడోడెండ్రాన్‌లు విరగబూస్తాయి, వచ్చేటప్పుడు ఓపికుంటే టికెట్ కొని చూడండి. తారు రోడ్డు అయిపోయిన చోట గేటు. గేటు తీశాక మళ్లీ వేయండి. వెనక ఎవరైనా వస్తున్నా సరే, వాళ్ల చేతికి గేటు అందించి గానీ కదలొద్దు. ఈ దేశంలో పశువులున్న రైతు 2001ని మర్చిపోలేదు. ఆ ఏడు గాలికుంటు వ్యాధి వచ్చి లక్షల కొద్దీ గొర్రెల్నీ ఆవుల్నీ చంపి కాల్చేశారు, నెలల తరబడి కాలిబాటలన్నీ మూసేశారు. మనం వేసే గేటు వాళ్లకి పెద్ద మర్యాద.

గేటు దాటగానే కొండ విప్పారుతుంది. ఎదురుగా వెడల్పాటి పచ్చటి బాట, గొర్రెలు కొరికి కొరికి తివాచీలా చేసిన పొట్టి గడ్డి. దారి గుర్తు ఓక్ చెట్టు కాయ బొమ్మ, నేషనల్ ట్రెయిల్ అనే జాతీయ కాలిబాటల గుర్తు అది. ఇక్కడిది ఆఫాస్ డైక్ పాత్. 1971లో తెరిచారు, దక్షిణాన సెవర్న్ నది ఒడ్డు నుంచి ఉత్తరాన ప్రెస్టాటిన్ సముద్రతీరం దాకా 177 మైళ్లు. 757 నుంచి 796 దాకా మెర్సియా అనే పాత ఇంగ్లీషు రాజ్యాన్ని ఏలిన ఆఫా అనే రాజు వేల్స్ వైపు కట్టించిన మట్టికట్ట పేరు మీద ఆ బాటకి ఆ పేరు. అయితే ఈ కొండ మీద ఆ కట్ట లేదు, వెతుక్కోవద్దు. అది చూడాలంటే కింగ్టన్‌కి ఉత్తరాన రషాక్ కొండకి వెళ్లాలి. హార్గెస్ట్ మీద బాట మాత్రమే పోతుంది. గుర్రాల మీద వచ్చేవాళ్లు కూడా ఎదురవుతారు. దిగువ పక్కకి తప్పుకుని, కదలకుండా నిలబడి, పలకరించండి. గొంతు వినపడితే గుర్రం బెదరదు.

మొదటి అరగంట ఊపిరి ఆడేట్టు నడవండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. మాట తెగుతుంటే నెమ్మదించాలి. నేను బీపీ మాత్రలు ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఇంకోటి కూడా చెబుతాను. గుండె మందులు, షుగరు మందులు వాడే పెద్దవాళ్లు ఆ రోజు మాత్ర ఎగ్గొట్టకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో గ్లూకోజు బిళ్లలు పెట్టుకోవాలి. ఎక్కుడులో చక్కెర పడిపోతే చెమట నడక వల్ల అనుకుని పట్టించుకోరు.

పైకి చేరాక నేల చదునవుతుంది. అక్కడ నిలబడి కాస్త జాగ్రత్తగా చూస్తే గడ్డిలో గుండ్రంగా తిరిగిన పెద్ద బాట ఒకటి తెలుస్తుంది. 19వ శతాబ్దం మొదటి సగంలో ఇక్కడ గుర్రపు పందాలు జరిగేవి. పందాలు పోయి అన్నేళ్లయినా ఆ బాట మాత్రం చెరగలేదు. దగ్గర్లోనే మంకీ పజిల్ చెట్ల గుంపు. వీటి సొంత ఊరు దక్షిణ అమెరికాలో చిలీ. కొమ్మల నిండా పొలుసుల్లాంటి ముళ్ల ఆకులు. బోడి కొండ మీద అవి ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి కాబట్టి గుర్తుగా పెట్టుకోండి: తిరిగొచ్చేటప్పుడు అవి కనిపించాయంటే కింగ్టన్ దారి దొరికినట్టే.

చెట్లకి కాస్త ఎడంగా వెట్ స్టోన్ అనే బండరాయి ఉంటుంది. కోడి కూత విన్నప్పుడల్లా అది లేచి కింద వాగు దాకా వెళ్లి నీళ్లు తాగి వస్తుందంటారు. ప్లేగు రోజుల్లో ఊళ్లోకి రాలేని జనం కోసం ఆ రాయి మీద తిండి పెట్టి పోయేవాళ్లని ఇంకో కథ. టీ తాగడానికి నేను కూర్చునేది అక్కడే.

ఇంకొంచెం ముందుకి పోతే సర్వేవాళ్ల సిమెంటు స్తంభం. చాలామంది అదే శిఖరం అనుకుంటారు. అసలైన ఎత్తు దానికంటే రెండు మూడు మీటర్లు ఎక్కువగా వేరే చోట ఉంది, తేడా కంటికి ఆనదు. ఇక్కడ ఆగి నాలుగు దిక్కులూ చూడండి. దక్షిణాన నల్లగా గోడ కట్టినట్టున్నవి బ్లాక్ మౌంటెన్స్, వాటి కొసన తెగిపడినట్టుండేది హే బ్లఫ్. నైరుతిలో బ్రెకన్ బీకన్స్. వాయవ్యంలో గుండ్రటి వీపులతో రాడ్నర్ ఫారెస్ట్, పేరుకే ఫారెస్ట్, చాలామటుకు బోడి కొండలే. తూర్పున ఇంగ్లండ్ మైదానం మీద మాల్వర్న్ కొండల వరస. వాన వచ్చేది నైరుతి నుంచి కాబట్టి బీకన్స్ కనిపించడం మానేశాయంటే ఇక్కడికి వాన రాబోతున్నట్టే. కోటు అప్పుడే వేసుకోవాలి, తడిశాక కాదు.

ఉత్తరపు పక్క చిన్న కొండలు రెండు మూడు గుబురుగా, నిటారుగా ఉంటాయి: హాంటర్, వర్సెల్, స్టానర్. అవి మన కొండలా గడ్డి మెత్తటివి కావు, చాలా పాతకాలపు అగ్నిశిలలు. స్టానర్ రాక్స్ మీద వసంతం తొలినాళ్లలో పసుపుపచ్చ రాడ్నర్ లిల్లీ పూస్తుంది. బ్రిటన్ మొత్తంలో సహజంగా అది దొరికేది అక్కడ మాత్రమే. అక్కడి నేల పెళుసు, చూద్దామని ఎక్కొద్దు.

కొండని చదవడం

ఈ కొండ మీద దారి తప్పడం తేలిక. బాటలు లేక కాదు, ఎక్కువై. గొర్రెలు తొక్కినవి, గుర్రాలు తొక్కినవి, రైతుల బండి జాడలు, అన్నీ ఒకేలా పచ్చగా, అన్నీ నమ్మకంగా ఎటో పోతుంటాయి. గొర్రెబాట ఎలా తెలుస్తుందంటే, అది జానెడు వెడల్పు ఉంటుంది, కొండని అడ్డంగా కోస్తూ ఒకే మట్టాన పోతుంది, పొదల దగ్గర మీరు పట్టనంత సందులోంచి దూరుతుంది. మనిషి బాట ఎక్కడికో చేరాలని పోతుంది, గొర్రె బాట మేతకి పోతుంది. రెండు అడుగులు వేశాక బాట సన్నబడుతుంటే ఆగి వెనక్కి రండి.

పొగమంచు కమ్మితే ఒకటి గుర్తుంచుకోండి: కొండ వెన్ను దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. దిక్సూచి చూసుకుని తూర్పుకి పోతే కింగ్టన్, పడమరకి పోతే గ్లాడెస్ట్రీ. ఉత్తరాన లోయలో ఏ44 రోడ్డు, దక్షిణాన ఆరో (Arrow) అనే పేరున్న నది లోయ. నేల ఒక పక్కకి వాలుతున్నట్టు కాళ్లకి తెలిస్తే వెన్ను మీంచి పక్కకి జరిగారని అర్థం, మళ్లీ ఎగువకి రండి.

నేల తడా పొడా అన్నది మొక్క చెబుతుంది. ముదురాకుపచ్చ రంగులో, సూదుల్లా నిటారుగా, గుండ్రటి కాడలు కుదురుగా లేస్తే దాని కింద నీళ్లున్నట్టే, అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. బ్రాకెన్ అనే ఫెర్న్ పెరిగిన చోట మట్టి లోతుగా, పొడిగా ఉంటుంది. బ్రాకెన్ కింద బంగారం, గోర్స్ కింద వెండి, హెదర్ కింద కరువు అని ఇక్కడి పాత రైతుల మాట, నేల సారం గురించి. గోర్స్ అంటే పసుపు పూల ముళ్లపొద. ఎండ కాస్తున్నప్పుడు దగ్గరికెళ్లి వాసన చూడండి: అచ్చం పచ్చి కొబ్బరి తురిమినట్టుంటుంది. మా అత్త నమ్మలేక మూడు పొదల దగ్గర ఆగింది.

గొర్రెల సంగతి ఆమె దగ్గరే నేను నేర్చుకున్నాను. కొండెక్కగానే ఆమె చూపు వాటి మీదే పడింది.

“ఇన్ని గొర్లుండాయి, కాపరి యాడమ్మా?” అంది.

“కాపరి ఉండడత్తా. ఇది ఉమ్మడి బీడు, చుట్టుపక్కల రైతులకి మేపుకునే హక్కుంది. ఎవరి గొర్రెకి వాళ్ల రంగు పూసుకుంటారు” అన్నాను.

ఒక గొర్రె ఎడమ తొంటి మీద నీలం మచ్చ, ఉన్నిలోకి ఇంకి అంచులు పలచబడి ఉంది. పక్కదానికి మెడ మీద ఎరుపు. అత్త కాసేపు నిలబడి ఏ రంగువి ఎటు మేస్తున్నాయో చూసింది. “తల్లి యాడ మేసిందో పిల్లా ఆడ్నే మేచ్చాది. మా నాయన మందలోనూ అంతే” అంది. ఇక్కడా అంతే. కంచె లేని కొండ మీద తల్లి వెంట తిరిగే పిల్లకి తన మేత నేల తెలిసిపోతుంది, తరం తర్వాత తరం. తర్వాత ఆమె దిగువన ఒక పల్లం చూపించింది. అక్కడ ఓ ఇరవై గొర్రెలు పడుకుని నెమరేస్తున్నాయి. “అన్నం ఆడ తిందాం రా. గొర్రె పడుకున్న చోట గాలి తగల్దు.” పదడుగులు దిగామో లేదో చెవుల్లో హోరు ఆగిపోయింది. అప్పటి నుంచి కొండ మీద భోజనానికి చోటు నేను అలాగే వెతుకుతాను. మీరూ అలాగే వెతకండి, కానీ పడుకున్నవాటిని లేపొద్దు, నాలుగు బారల దూరంలో కూర్చోండి.

మార్చి నుంచి మే దాకా పిల్లల తల్లులుంటాయి. ఒంటరిగా కనిపించిన పిల్లని ఎత్తుకోవద్దు, తల్లి చూస్తూనే ఉంటుంది. కుక్కని తీసుకెళ్తే మార్చి 1 నుంచి జులై 31 దాకా ఇలాంటి బహిరంగ నేల మీద రెండు మీటర్లకి మించని తాడుతో పట్టుకోవాలని 2000 నాటి చట్టం చెబుతోంది. అది గొర్రెల కోసమే కాదు. ఆ నెలల్లో భరతపక్షులు గడ్డిలోనే, నేల మీదే గూడు పెడతాయి. మీ నెత్తి మీద కనిపించనంత ఎత్తున ఆగకుండా పాడుతున్న పిట్ట అదే. ఎక్కడైనా పిట్ట కాళ్ల దగ్గర్నించి హఠాత్తుగా లేస్తే, ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, చుట్టు తిరిగి పోండి.

వేల్స్‌లోకి దిగడం

స్తంభం దాటాక కొండ వెన్ను పడమరకి సాగి, మెల్లగా దిగడం మొదలవుతుంది. ఆ దారిలోనే ఎక్కడో మీరు సరిహద్దు దాటతారు. గడ్డి అదే, గొర్రెలవే. మ్యాపులో చుక్కల గీత చూసుకుంటే తప్ప తెలియదు. ఒకప్పుడు ఈ గీత కోసం రెండు పక్కలా కోటలు కట్టుకుని వందల ఏళ్లు కొట్టుకున్నారు. 1402లో ఇక్కడికి ఉత్తరాన పిల్లెత్ దగ్గర వేల్స్ తిరుగుబాటు నాయకుడు ఓవైన్ గ్లిండూర్ ఇంగ్లీషు సైన్యాన్ని చిత్తు చేశాడు. ఇప్పుడు పిల్లలు ఒక కాలు ఇంగ్లండ్‌లో, ఒక కాలు వేల్స్‌లో అని గెంతుతుంటారు.

గ్లాడెస్ట్రీకి దిగేది కొంచెం నిటారు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు నడక కర్ర తెచ్చుకోవాల్సింది దీని కోసమే. కర్రని దిగేటప్పుడు కాస్త పొడుగు చేసుకుని, ముందు కర్ర, తర్వాత కాలు. వాలుకి ఎదురుగా నిటారుగా దిగకుండా, ఎడమకోసారి కుడికోసారి ఏటవాలుగా మళ్లుతూ దిగండి. ఊళ్లో ఒక చర్చి, ఒక పబ్బు. పబ్బు తెరిచే వేళలు పల్లెల్లో మారుతుంటాయి కాబట్టి అక్కడే భోజనం అని లెక్క పెట్టుకుని వెళ్లొద్దు.

తిరుగు ప్రయాణానికి అదే కొండ మీంచి రమ్మంటాను. పొద్దున ఎదురుగాలికి నడిచారు, ఇప్పుడు గాలి వీపున తోస్తుంది. పొద్దున ముందున్న వేల్స్ ఇప్పుడు వెనక, ముందు ఇంగ్లండ్ పొలాలు, మధ్యాహ్నపు వెలుగు వాటి మీద. అలసిపోయిన పెద్దవాళ్లుంటే కింగ్టన్ టాక్సీని ముందురోజే మాట్లాడుకుని గ్లాడెస్ట్రీ చర్చి దగ్గరికి రమ్మనండి. అక్కడికొచ్చాక పిలుద్దామంటే కుదరదు, బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంటికొచ్చాక ఒక పని ఉంది, దాన్ని వాయిదా వేయొద్దు. బ్రాకెన్‌లోనూ పొడుగు గడ్డిలోనూ పిడుదులుంటాయి, గసగసంత చిన్నవి కూడా. ఆ రాత్రే స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదట్లో వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నెమ్మదిగా పైకి లాగి, ఆ చోటు సబ్బుతో కడగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. తర్వాతి వారాల్లో, మూడు నెలల లోపు ఎప్పుడైనా, కరిచిన చోట గుండ్రటి ఎర్రమచ్చ పెద్దదవుతున్నా, ఫ్లూ లాంటి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చినా డాక్టరు దగ్గరికెళ్లి, ఫలానా రోజు కొండ మీదికి వెళ్లాను, పిడుదు కరిచింది అని చెప్పండి. అది లైమ్ వ్యాధి అయితే మొదట్లోనే యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది.